ఎదగని పిల్లలను కొలిచేదెవరు?

వరి నాటిన మూడు వారాలకు మడిలో అక్కడక్కడా మొక్కలు గిడసబారి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే రంగారెడ్డి జిల్లా రైతుకు కారణం ఎవరూ చెప్పనక్కరలేదు. జింకు లోపమని ఆయనే పోల్చుకుంటాడు. జింకు సల్ఫేటు తెచ్చి, లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున కలిపి, ఐదారు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తాడు. పైరు మళ్ళీ పచ్చబడుతుంది. అదే రైతు ఇంట్లో తొమ్మిదేళ్ళ కొడుకు రెండేళ్ళ కిందట కుట్టించిన లాగునే ఇప్పటికీ తొడుక్కుంటున్నా ఎవరికీ అనుమానం రాదు. పైగా "బట్టలకు ఖర్చు తగ్గింది" అని నవ్వుకుంటారు. "తాత కూడా పొట్టే గదా" అని సరిపెట్టుకుంటారు. మడిలో మొక్కకు జరిగే పరామర్శ ఇంట్లో పిల్లవాడికి జరగకపోవడం శోచనీయం.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అంతకు ముందు 2015-16 సర్వేలో ఈ సంఖ్య 28. రాష్ట్రంలో రోడ్లు పెరిగాయి, మేడలు పెరిగాయి, పిల్లల ఎత్తు మాత్రం వెనక్కు నడిచింది. 2016-18 సంవత్సరాల్లో దేశమంతటా పిల్లల రక్తం పరీక్షించి జరిపిన సమగ్ర పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో నూటికి 19 మందికి, పది నుంచి పందొమ్మిదేళ్ళ వారిలో నూటికి 32 మందికి జింకు లోపం ఉన్నట్టు తేలింది. మడిలోని లోపమే ఇంట్లోనూ ఉన్నదన్నమాట.

శంషాబాద్ పరిసరాల్లో ఈ వైరుధ్యం మరీ కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వెలిసింది. దాని వెంట వలయ రహదారి, గోదాములు, హోటళ్ళు, వెంచర్లు వచ్చాయి. జొన్న, కందీ పండిన చేలు చాలా ప్లాట్లయ్యాయి. తల్లులు కూలి పనులకు, ఊడ్పు పనులకు పొద్దున్నే బయలుదేరుతున్నారు. ఇంటి దగ్గర పిల్లలకు పొద్దున చాయ్‌లో బన్ను, సాయంత్రం ఐదు రూపాయల పొట్లం, రాత్రికి తెల్ల అన్నం, నీళ్ళచారు. కట్టుబడి పనుల కోసం పాలమూరు నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చి రేకుల షెడ్లలో ఉండే కుటుంబాల పిల్లలైతే ఏ అంగన్‌వాడీ రిజిస్టరులోకీ ఎక్కకుండానే మరో పని చోటికి తరలిపోయే ప్రమాదం ఉంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఎదగదు.

షిరాజ్ నేర్పిన పాఠం

మనిషి ఎదుగుదలకు జింకు అవసరమన్న సంగతి శాస్త్రజ్ఞులకు సైతం చాలాకాలం తెలియదు. దాన్ని కనిపెట్టినవారు మన దేశంలో పుట్టినవారే. బీహారులోని బక్సర్‌లో 1928లో జన్మించిన డాక్టర్ ఆనంద ప్రసాద్ పాట్నాలో వైద్యం చదివి, అమెరికాలో పరిశోధన చేసి, 1958లో ఇరాన్ దేశంలోని షిరాజ్ నగరానికి వెళ్ళారు. అక్కడ ఆయన ఎదుటికి ఒక రోగిని తీసుకొచ్చారు. వయసు 21 ఏళ్ళు. చూడటానికి పదేళ్ళ బాలుడిలా ఉన్నాడు. గడ్డం మీసం రాలేదు. రక్తం చాలా తక్కువ. కాలేయం, ప్లీహం ఉబ్బి ఉన్నాయి. ఆరా తీస్తే అతని తిండి దాదాపు పులియబెట్టని గోధుమ రొట్టె మాత్రమేనని, దానితో పాటు రోజూ మట్టి తినే అలవాటు కూడా ఉందని తేలింది. ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి అలాంటివారే మరికొందరు కనిపించారు.

రక్తం తక్కువైనంత మాత్రాన మనిషి ఎదుగుదల ఆగదని డాక్టర్ ప్రసాద్‌కు సందేహం కలిగింది. తన పరిశీలనలను 1961లో ప్రకటించి, తరువాత ఈజిప్టు వెళ్ళి అక్కడి పల్లెల్లో ఇదే స్థితిలో ఉన్న యువకులను పరీక్షించారు. వారి ఒంట్లో జింకు తక్కువగా ఉన్నట్టు 1963లో నిరూపించారు. జింకు ఇచ్చాక వారిలో కొందరు ఒక్క ఏడాదిలో ఐదారు అంగుళాలు పెరిగారు. మీసాలు మొలిచాయి. అప్పట్లో ఈ మాట నమ్మనివారే ఎక్కువ. చివరకు 1974లో అమెరికా శాస్త్ర సంస్థలు మనిషి రోజూ తీసుకోవలసిన పోషకాల జాబితాలో జింకును చేర్చక తప్పలేదు. డాక్టర్ ప్రసాద్ 2022లో కన్నుమూశారు.

ఆ ఇరాన్ పల్లెల కథ ఇక్కడి తల్లులకు కొత్తగా అనిపించదు. బలపాలు, సుద్దముక్కలు, గోడ మట్టి నమిలే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దాన్ని దురలవాటుగా భావించి పిల్లవాణ్ణి కొట్టడం ఆనవాయితీ. కాని మట్టి తినడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. ఇనుము తగ్గిన తిండిలో జింకు కూడా తగ్గి ఉండటం మామూలే. కొట్టవలసింది పిల్లవాణ్ణి కాదు, తట్టవలసింది ఆరోగ్య కేంద్రం తలుపు.

మడిలో భాస్వరం, కడుపులో ఫైటేటు

జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలిపి చల్లరాదని వ్యవసాయాధికారులు చెబుతారు. భాస్వరం జింకును పట్టేసి మొక్కకు అందనివ్వదు. సరిగ్గా ఇదే కథ కడుపులోనూ నడుస్తుంది. గింజలన్నీ తమ భాస్వరాన్ని ఫైటేటు అనే రూపంలో దాచుకుంటాయి. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఈ ఫైటేటు పేగుల్లో జింకును పట్టుకుని బయటకు తోసేస్తుంది. అందుకే గింజలో జింకు ఉన్నా ఒంటికి పట్టేది కొంతే.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 4.5 మిల్లీగ్రాములు, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వారికి 5.9 మిల్లీగ్రాములు, పదమూడు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లలకు 14.3 మిల్లీగ్రాముల జింకు కావాలి. నూరు గ్రాముల పాలిషు బియ్యంలో ఉండేది ఇంచుమించు 1.2 మిల్లీగ్రాములే. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రోజుకు రెండు వందల గ్రాముల బియ్యం వండుకు తిన్నా సగానికి కూడా చాలదు. చారు నీళ్ళలో జింకు రాదు.

మరి ఏది తినాలి? మాంసంలో, కాలేయంలో జింకు బాగా ఉంటుంది, పైగా ఒంటికి తేలికగా పడుతుంది. ఒక కోడిగుడ్డులో అర మిల్లీగ్రాముకు పైగా ఉంటుంది. మాంసం కొనలేని ఇళ్ళకు, తినని ఇళ్ళకు నువ్వులు పెద్ద దిక్కు. నూరు గ్రాముల నువ్వుల్లో ఏడు మిల్లీగ్రాములకు పైనే ఉంది. శనగలు, ఉలవలు, పెసలలో మూడు మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే, సజ్జ, రాగుల్లో రెండున్నర దాకా ఉంటుంది. ఈ గింజలన్నీ జిల్లా నేలకు కొత్తవి కావు.

ఫైటేటును విరగ్గొట్టే ఉపాయాలు కూడా పెద్దల వంటింట్లో ఉన్నవే. పప్పులు, గింజలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయడం, పెసలు మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం. జొన్నపిండిని రాత్రి కలిపి పెట్టి పొద్దున కాచిన అంబలి, పులిసిన పిండితో వేసిన ఇడ్లీ, దోసె, నానబెట్టి ఉడికించిన గుడాలు - ఇవన్నీ జింకును విడిపించి ఒంటికి అందించేవే. అంబలి బీదల తిండి అని చిన్నచూపు చూసి, దాని స్థానంలో చాయ్ బన్నును కూర్చోబెట్టడం వల్ల వచ్చిన నష్టం ఇంతా అంతా కాదు. షిరాజ్‌లో ఆ యువకుడు తిన్నది పులియని రొట్టె అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

శంషాబాద్ వెళ్ళే దారిలోనే రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది. ఆ సంస్థ రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్ 45 అనే వరి వంగడం 2016లో విడుదలైంది. పాలిషు పట్టిన తరువాత కూడా ఆ బియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. మామూలు బియ్యంతో పోలిస్తే ఇది ఒకటిన్నర రెట్ల కంటె ఎక్కువ. రేషను దుకాణాల్లో 2025 నుంచి సన్నబియ్యం ఇవ్వడం హర్షించదగినదే. అయితే సన్నదనం నాలుకకు, జింకు ఎముకకు. ఇలాంటి వంగడాలకు మంచి ధర చెల్లించి సేకరించి, ముందుగా అంగన్‌వాడీలకు, బడి భోజనానికి పంపితే పది కిలోమీటర్ల దూరంలో జరిగిన పరిశోధన పక్క ఊరి పిల్లల కంచంలోకి వస్తుంది.

విరేచనాలతో పోయే ఎత్తు

తిండి ద్వారా వచ్చేది తక్కువైతే, విరేచనాల ద్వారా పోయేది ఎక్కువ. పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా నీళ్ళతో పాటు జింకు కూడా పోతుంది. జింకు తగ్గిన పేగు తొందరగా మానదు. మానని పేగు మళ్ళీ విరేచనాలు తెస్తుంది. ఏడాదిలో నాలుగైదుసార్లు ఇలా జరిగితే పిల్లవాడి ఎత్తు అక్కడికక్కడే నిలిచిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2004లో దీనికి విరుగుడు ప్రకటించాయి. విరేచనాలప్పుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణంతో పాటు జింకు మాత్రలు ఇవ్వాలి. మన దేశంలో ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పసివారికి 10 మిల్లీగ్రాముల చొప్పున పద్నాలుగు రోజులు ఇస్తారు. మాత్రను చెంచాడు మంచినీళ్ళలోనో, తల్లిపాలలోనో కరిగించి పట్టవచ్చు. ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం. కాని విరేచనాలు మూడో రోజుకు కట్టగానే తల్లులు మాత్రలు ఆపేస్తారు. మిగిలిన పదకొండు రోజుల మాత్రలు కిటికీలో ఎండుతాయి. ఆ పదకొండు రోజులే ఒంటిలో తరిగిన నిల్వను పూడ్చి, తరువాతి రెండు మూడు నెలల్లో జబ్బు మళ్ళీ రాకుండా కాపాడేవని ప్రతి తల్లికీ చెప్పవలసిన బాధ్యత మాత్ర ఇచ్చే చేతిదే.

జింకుతో తీరని లోపం

ఇంత చెప్పినంత మాత్రాన ఎదగని ప్రతి పిల్లవాడికీ జింకే మందు అనుకుంటే పొరపాటు. లోపం ఉన్నచోట జింకు ఫలితమిస్తుంది, లేనిచోట ఇవ్వదు. హద్దు మీరి నెలల తరబడి మింగితే వాంతులు పట్టుకోవడమే గాక, ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత కూడా వస్తుంది. పొలంలోనైనా ఆకు చూడకుండా ఎవరూ మందు కొట్టరు గదా.

మెదడు కింద శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. పిల్లలను ఎదిగించే హార్మోను అక్కడే తయారవుతుంది. అది కాలేయానికి ఆజ్ఞ పంపితే, కాలేయం మరో పదార్థాన్ని పుట్టించి ఎముకల చివర ఉండే మెత్తని ఎదుగు పలకలను పొడిగిస్తుంది. ఈ ఏర్పాటులో జింకుకూ పాత్ర ఉంది. పీయూష గ్రంథిలో ఈ హార్మోను జంటలు జంటలుగా నిల్వ ఉండటానికి జింకు ముడిలా పని చేస్తుందని 1991లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. జింకు తగ్గినప్పుడు కాలేయం పుట్టించే పదార్థం కూడా తగ్గుతుంది. అంటే హార్మోను ఉన్నా పని జరగదు. అలాంటి పిల్లవాడికి తిండి, జింకు సరిచేస్తే ఎదుగుదల అందుకుంటుంది.

కాని గ్రంథిలో హార్మోనే పుట్టనివారు కొందరుంటారు. నాలుగు వేల నుంచి పది వేల మంది పిల్లల్లో ఒకరికి ఇలా జరుగుతుందని అంచనా. వీరికి డబ్బాల కొద్దీ టానిక్కులు పోసినా, పాత్రలకొద్దీ పాలు తాగించినా ఎత్తు రాదు. నీళ్ళే లేని బోరుకు కొత్త మోటారు బిగించినట్టు ఉంటుంది. వారికి కావలసింది ఆ హార్మోనే.

ఈ ఇద్దరు పిల్లలకూ తేడా గమనిస్తే కొంతవరకు ఇంట్లోనే అనుమానించవచ్చు. తిండి చాలక, జబ్బులతో ఎదగని పిల్లవాడు సాధారణంగా ముందు బరువు తగ్గుతాడు, తరువాత ఎత్తు ఆగుతుంది. చూడటానికి బక్కగా, పొట్టిగా ఉంటాడు. హార్మోను లోపించిన పిల్లవాడు పుట్టినప్పుడు మామూలుగానే ఉండి, రెండు మూడేళ్ళకు వెనకబడటం మొదలవుతాడు. పొట్టిగా ఉన్నా బొద్దుగా ఉంటాడు. ముఖం వయసుకంటె పసిగా, గొంతు సన్నగా ఉంటుంది. తెలివికి సాధారణంగా లోటుండదు. పొట్టిగా, బొద్దుగా ఉండి మందకొడిగా, మలబద్ధకంతో బాధపడే పిల్లలకు థైరాయిడ్ లోపం ఉండవచ్చు. దానికి మందు రోజుకొక చిన్న మాత్ర, ఖర్చు స్వల్పం. ఆడపిల్ల ఒక్కతే ఇంట్లో అందరికంటె మరీ పొట్టిగా ఉండి, ఈడు వచ్చినా రజస్వల కాకపోతే టర్నర్ అనే జన్మ లోపం ఉందేమో పరీక్షించాలి. రెండు వేల నుంచి రెండున్నర వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. తల్లిదండ్రులు పొట్టివారైతే పిల్లలు పొట్టి కావడం, కొందరు ఆలస్యంగా ఎదగడం కూడా సహజమే. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరే గాని ఊరి రచ్చబండ కాదు. పరీక్షలు కూడా భయపడవలసినవి కావు. ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు ఎంతో తెలుస్తుంది. ఆ పైన రక్త పరీక్షలు.

ఎదుగుదల హార్మోను వైద్యానికి కూడా ఒక చేదు చరిత్ర ఉంది. ఒకప్పుడు చనిపోయినవారి పీయూష గ్రంథుల నుంచి దీన్ని సేకరించేవారు. అలా తీసుకున్న కొందరికి ఏళ్ళ తరువాత ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చినట్టు 1985లో బయటపడటంతో అమెరికాలో దాన్ని నిలిపివేశారు. అదే ఏడాది సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన హార్మోను అక్కడ వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు వాడేది ఈ విధంగా తయారైనదే. మామూలుగా రోజూ రాత్రి పడుకునే ముందు చర్మం కింద చిన్న సూదితో ఇస్తారు, షుగరు రోగులు ఇన్సులిన్ తీసుకున్నట్టు. మందును చల్లగా నిల్వ చేయాలి. ఏళ్ళ తరబడి వాడాలి. ఖర్చు ఏడాదికి లక్ష దాటిపోతుంది. మందులను చల్లగా ఉంచి దేశదేశాలకు పంపే ప్రత్యేక ఏర్పాటు శంషాబాద్ విమానాశ్రయంలోనే ఉంది. ఆ రన్‌వే పక్క పల్లెలో కూలివాని బిడ్డకు అలాంటి మందు అందనిదిగా మిగలడం న్యాయం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో నిర్ధారణ అయిన ఎదుగుదల హార్మోను లోపాన్నీ, టర్నర్ లోపాన్నీ రెండో వర్గంలో చేర్చారు. గుర్తింపు పొందిన కేంద్రాల్లో చికిత్స పొందేవారికి సహాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల దాకా పెంచారు. హైదరాబాదులో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థతో కలిసి సి.డి.ఎఫ్.డి. అలాంటి కేంద్రంగా ఉన్నది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు పల్లెల్లో ఎందరు? పథకం కాగితం మీద ఉంటే చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది వయసు. ఎముకల చివర ఎదుగు పలకలు ఈడు వచ్చాక మూసుకుపోతాయి. ఆడపిల్లలకు ఇంచుమించు పద్నాలుగు, పదహారేళ్ళ మధ్య, మగపిల్లలకు పదహారు, పద్దెనిమిదేళ్ళ మధ్య ఆ తలుపు మూతపడుతుంది. ఆ తరువాత ఎన్ని సూదులు వేసినా అంగుళం పెరగదు. పెళ్ళిచూపుల నాడు, పోలీసు ఉద్యోగానికి ఎత్తు కొలిచిన నాడు మేలుకొని ఆస్పత్రికి పరుగెత్తి లాభం లేదు. ఎత్తు పెంచుతామని ప్రకటనలు గుప్పించి పొడులూ మాత్రలూ అమ్మేవారు ఇలాంటి నిరాశ మీదనే వ్యాపారం చేస్తున్నారు. వారి డబ్బాకు పెట్టే డబ్బు గుడ్లకూ, నువ్వులకూ పెడితే కనీసం ఒంటికైనా పడుతుంది.

29 పల్లెల సాక్ష్యం

పిల్లలకు, గర్భిణులకు ఒక పూట మంచి తిండి పెడితే నిజంగా ఎత్తు పెరుగుతుందా అని అడిగేవారికి జవాబు ఈ జిల్లాలోనే ఉంది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లాలోని 29 గ్రామాల్లో ఒక పరిశీలన జరిపింది. పదిహేను గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అదనపు ఆహారం అందింది. పద్నాలుగు గ్రామాల్లో ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసుకు వచ్చాక మళ్ళీ వెదికి 1,165 మందిని కొలిచారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది.

అర అంగుళమేనా అని తీసిపారేయవచ్చు. కాని అది ఒక పిల్లవాడి లెక్క కాదు, ఊళ్ళకు ఊళ్ళ సగటు. పైగా షుగరు జబ్బుకు దారి తీసే లక్షణాలు కూడా ఆ పిల్లల్లో తక్కువగా కనిపించాయి. ఆ పథకంలో ఇచ్చింది హార్మోనూ కాదు, ఒంటి జింకూ కాదు. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఆరేళ్ళ దాకా అందిన అదనపు తిండి, దానితో పాటు టీకాలు, వైద్యం. హార్మోను వేలల్లో ఒకరికి, జింకు మాత్ర విరేచనాలు పట్టుకున్నవారికి, మంచి తిండి మాత్రం అందరికీ అన్నది ఈ 29 పల్లెలు నేర్పే పాఠం.

తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకు బాలామృతం పొడి, గుడ్లు, గర్భిణులకు 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. బాలామృతం పొట్లం ఇంటికి రాగానే ఇంటిల్లిపాదీ పంచుకు తినడం, గుడ్డు పెద్దవాళ్ళ కూరలో పడటం మామూలైంది. ఇంటి పెద్దలు దీన్ని గమనించాలి. ఆ గుడ్డు మీద ఆ పిల్ల పేరు రాసి ఉందనుకోవాలి.

కొలతే మొదటి మెట్టు

లోపం ఏదైనా ముందు బయటపడేది కొలతలోనే. పుట్టినప్పుడు బిడ్డ పొడవు ఇంచుమించు ఇరవై అంగుళాలు. మొదటి ఏడు పది అంగుళాలు, రెండో ఏడు నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది. నాలుగేళ్ళు దాటాక ఈడు వచ్చేదాకా ఏటా రెండు, రెండున్నర అంగుళాలు పెరగాలి. ఏడాదికి రెండంగుళాలు కూడా పెరగని పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించాలి. బడిలో పొట్టి బుడంకాయ అని వెక్కిరించే తోటిపిల్లల కంటె ముందు ఈ సంగతి ఇంట్లోవారికి తెలియాలి.

2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీలకు ఎత్తు కొలిచే సాధనాలు ఇచ్చారు. ఆరేళ్ళ దాకా అక్కడ కొలత ఉంది. ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి ఆ కొలతను పట్టుదలగా అడిగేవారు లేరు. సరిగ్గా హార్మోను లోపం, థైరాయిడ్ లోపం బయటపడి, చికిత్స ఫలించే వయసు అదే. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలను బడుల్లో పరీక్షించాలి. ఆ రోజున ప్రతి పిల్లవాడి ఎత్తు రాసి, కిందటేడు ఎత్తు పక్కన పెట్టి చూడాలి. ఒక్క ఎత్తు వల్ల తెలిసేది తక్కువ. రెండు ఎత్తుల మధ్య తేడాయే అసలు కబురు. ఆ తేడా రెండంగుళాలకు తగ్గిన పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద, నకలు ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. గోడకు ఒక కొలబద్ద, ఒక నోటు పుస్తకం చాలు. వందల కోట్ల రోడ్లు చూసిన శంషాబాద్ ప్రాంతానికి ఇది భారం కాబోదు. స్థానిక పాలక సంస్థలు తలచుకుంటే కట్టుబడి కూలీల షెడ్లకు కూడా నెలకోసారి అంగన్‌వాడీ టీచరును పంపించవచ్చు.

అధికారులు కదిలేదాకా ఇంటివారు ఆగనక్కరలేదు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి పిల్లవాణ్ణి పొద్దున్నే చెప్పులు లేకుండా దర్వాజకు ఆనించి నిలబెట్టాలి. మడమలు, వీపు, తల ఆని ఉండాలి. చూపు నిటారుగా ఉండాలి. నెత్తి మీద పుస్తకం అడ్డంగా పెట్టి, దాని కింద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయాలి. ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ ఒకే లెక్క. రెండు ఉగాదుల గీతల మధ్య రెండంగుళాలు లేకపోతే ఆ గీతల కొలత రాసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, వారు పంపితే నీలోఫర్‌కో, ఉస్మానియాకో వెళ్ళాలి. శంషాబాద్ నుంచి ఆ దారి పాతిక కిలోమీటర్లకు మించదు. ఆలస్యం చేస్తే ఆ దారి ఎంత దగ్గరైనా ఉపయోగం ఉండదు.

పైరుకు జింకు తక్కువైతే ఒక పంట పోతుంది. వచ్చే కారుకు మళ్ళీ నాటుకోవచ్చు. పిల్లవాడి ఎదుగుదలకు రెండో కారు లేదు.